కనుమ రోడ్డు మీద ఆవిడ

ఊళ్ళో ఆయన అసలు పేరు పోస్ట్‌మన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన కదలకండి గారు. బజారు చివర మేడ మీద ఆయనకి ఫొటో స్టూడియో ఉంది. ఉద్యోగానికో, పరీక్షకో, పాస్‌పోర్టుకో ఫొటో కావలసిన ప్రతి మనిషీ ఏదో ఒక రోజు ఆ ఇరుకు మెట్లెక్కి, గుండ్రటి స్టూలు మీద కూర్చుని, "గడ్డం కొంచెం కిందికి... మరీ అంత కాదు... ఆఁ, కదలకండి" అనిపించుకున్నవాళ్ళే. ఆ మాట ఆయన నోటికి ఎంతగా అతుక్కుపోయిందంటే, బజార్లో ఎవరైనా ఎదురై బాగున్నారా అంటే ముందు వాళ్ళ గడ్డం ఎత్తు చూసుకుని, ఆ తర్వాతే బాగున్నాను అనేవాడు. ఒకసారి క్షవరం చేయించుకుంటూ మంగలినే కదలొద్దన్నాడట. మంగలి కత్తి గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఫొటో తీయడం ఆయన పనిలో సగమే. మిగతా సగం టచింగ్. అంటే మనుషుల మొహాల మీద దేవుడు చేసిన పొరపాట్లని ఈయన సరిదిద్దడం. మొటిమ, గాటు, కంటి కింద నలుపు, నుదుటి మీద ముడత, ఏది కనిపించినా ఆయన వేలు ఊరుకోదు. కంప్యూటరు ముందు కూర్చుని కూనిరాగం తీసుకుంటూ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క నలుసునీ ఏరి పారేస్తాడు. ఒకసారి చెక్‌పోస్టులో పనిచేసే ఒకాయన చెంప మీది పుట్టుమచ్చని కూడా మురికి అనుకుని తీసేశాడు. గుర్తింపు కార్డులో రాసి ఉన్న ఆనవాలు ఆ మచ్చే. పాపం ఆ మనిషి తన చెక్‌పోస్టులోకి తానే వెళ్ళలేక, తిరిగొచ్చి, "బాబ్బాబూ, నా మచ్చ నాకు ఇప్పించండి" అని బతిమాలుకోవలసి వచ్చింది. కదలకండి గారు ఇచ్చాడు గానీ, మనసు ఒప్పక కొంచెం చిన్నది చేసి ఇచ్చాడు.

ఇంతమంది మొహాలకి మెరుగులు దిద్దిన ఆ ఇంట్లో భార్య ఫొటో మాత్రం ఒక్కటి లేదు. స్టూడియో వెనకాలే ఇల్లు. గోడల నిండా జనమే, కాకపోతే అందరూ పరాయివాళ్ళు. ఫొటో తీయించుకుని, పట్టుకెళ్ళడం మర్చిపోయినవాళ్ళు. ఆవిడ భోంచేస్తుంటే ఎదురుగా ఎవరో మీసాలాయన గుడ్లప్పగించి చూస్తుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ పని వెలుతురు అట్ట పట్టుకోవడం. కూర్చున్నవాళ్ళ చెంప మీదికి వెలుతురు మళ్ళించే తెల్లటి అట్ట అది. ఆయన ఇటు అంటే ఇటు వంచుతుంది, అటు అంటే అటు వంచుతుంది. అప్పుడప్పుడు ఆవిడ వేళ్ళు ఫొటో అంచులో పడతాయి. అవి కూడా ఆయన టచింగులో తీసేస్తాడు.

తోడబుట్టిన అక్కయ్య లేకపోతే ఆవిడకి ఇదంతా అంత బాధ అనిపించేది కాదు. అక్కయ్య పై వీధిలోనే ఉంటుంది. అక్కయ్య మొగుడిది సిమెంటు కొట్టు. కెమెరా గురించి ఆయనకి ఓనమాలు తెలియవు గానీ, చేతిలో ఫోను ఉంటే చాలు, భార్యని ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టి తీసేస్తాడు. ఆ ఇంటి ముందు గదిలో అక్కయ్య సముద్రం ముందు ఉంది, జలపాతం ముందు ఉంది, ఎవరిదో కొత్త కారుకి ఆనుకుని ఉంది. తల సగం తెగిపోయినవి కూడా ఫ్రేము కట్టించారు. చెల్లెలు వెళ్ళినప్పుడల్లా టీ గ్లాసు చేతిలో పెట్టి అక్కయ్య ఒకే మాట అడుగుతుంది.

"ఫొటోగ్రాఫరు పెళ్ళానివి. నీ ఫొటో ఏదే?"

ఆవిడ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి ఇంటికొచ్చేస్తుంది.

ఆ ఏడాది ఆకులు పండే రోజుల్లో రవాణా ఆఫీసు మేనేజరు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఊళ్ళో బస్సులూ వ్యాన్లూ నడిపేది ఆ ఆఫీసే. ఏటా అది వేసే క్యాలెండరు వేలాడని గోడ ఊళ్ళో ఉండదు.

"ఈసారి క్యాలెండరు మీద మన కనుమ రోడ్డు పడాలండీ," అన్నాడు మేనేజరు. "ఆకులు ఎర్రబడ్డాయి. మంచు పడి పై దారి మూసేలోపు తీయాలి. నిజం కొండ కావాలి సుమండీ."

నిజం అనే మాట ఆయన ఊరికే అనలేదు. పోయినేడు కూడా ఆయన కనుమ రోడ్డే అడిగితే, కదలకండి గారు స్టూడియోలో వెనకాల వేలాడే రంగుల తెరని ఫొటో తీసి ఇచ్చాడు. తెర మీద కొండా ఉంది, రోడ్డూ ఉంది, ఎర్రాకులూ ఉన్నాయి. ఆకాశానికి అడ్డంగా ఒక ఇస్త్రీ మడత కూడా ఉంది. ఏడాది పొడుగునా ఊరంతా ఆ మడతని చూసి నవ్వుకుంది.

ఆయన కొండ మీదికి వెళ్ళకపోవడానికి నడుం నొప్పి, స్టూడియోలో రద్దీ, మబ్బు, ఇలా ఎన్నో కారణాలు ఉండేవి. అసలు కారణం కడుపు. మలుపులంటే ఆయన కడుపుకి పడదు. వ్యాను ఇటు తిరిగితే కడుపు అటు తిరుగుతుంది. ఆ కొండ కింద పుట్టి, పెరిగి, జుట్టు నెరిసినా, రెండో మలుపు దాటి పైన ఏముందో ఆయనకి తెలియదు. ఈ రహస్యం భార్యకి తప్ప మరో ప్రాణికి చెప్పలేదు.

మేనేజరు మెట్లు దిగి వెళ్ళగానే ఆవిడ అట్ట పక్కన పెట్టి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నేనూ వస్తాను. సంచీ, నిమ్మకాయలూ నేను పట్టుకుంటాను. కాకపోతే ఒకటి. ఆ ఫొటోలో నేను ఉండాలి."

"కొండ ఫొటోలో నువ్వెందుకు?"

"దూరంగానైనా ఫర్లేదు. చీమంతైనా ఫర్లేదు. ఉండాలి."

సంచీ పట్టుకునే మనిషి లేకుండా ఆయన రెండో మలుపు కూడా దాటలేడు. సరేనన్నాడు. ఆ సాయంత్రమే ఆవిడ పై వీధికి వెళ్ళి, అక్కయ్య టీ గ్లాసు చేతిలో పెట్టకముందే చెప్పేసింది: "వచ్చే ఏడాది మీ గోడ మీద కూడా నేనే ఉంటానే అక్కయ్యా!" అక్కయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆవిడ ఆ తెరిచిన నోటిని కళ్ళారా చూసుకుని, తేలిగ్గా గాల్లో నడుస్తున్నట్టు ఇంటికొచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున్న ఆవిడ ఎర్ర కోటు వేసుకుని వచ్చింది. పెట్టెలో కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి దాచుకున్న కోటు. కదలకండి గారు తల అడ్డంగా ఊపాడు.

"ఎరుపు వద్దు. ఆకుల రంగుతో కొట్టుకుంటుంది. వెనకాల రంగుతో పోట్లాడే బట్ట వేసుకోవద్దని ఊరందరికీ చెబుతాను, ఇంట్లోవాళ్ళే వేసుకుంటే ఎలా?"

పని తెలిసిన మనిషి చెబుతున్నాడు కదా అని ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, బూడిద రంగు కోటు వేసుకుని వచ్చింది.

ఆఫీసు పంపిన వ్యాను డ్రైవరు మహా మాటకారి. వెనక కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలంటే వెనక్కి తిరిగి మొహం చూసి మాట్లాడతాడు. అది అతని మర్యాద. మలుపులన్నీ అతనికి చుట్టాలు. ఒక్కొక్కదాన్నీ హారన్ కొట్టి పలకరిస్తాడు. మొదటి మలుపులో కదలకండి గారు కిటికీ పట్టుకున్నాడు. రెండో దాంట్లో కళ్ళు మూసుకున్నాడు. ఆపైన ఏ మలుపులో ఏం జరిగిందో చెప్పడం మర్యాద కాదు. వ్యాను ఆగుతోంది, ఆయన దిగుతున్నాడు, ఆవిడ వీపు నిమురుతోంది, డ్రైవరు ఆ మలుపు చరిత్ర చెబుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నారు.

"కళ్ళు మూసుకోకండి సార్, రోడ్డు వంకే చూడండి, ఏమీ అవదు," అన్నాడు డ్రైవరు.

"ఆ రోడ్డే కదయ్యా తిరుగుతోంది!" అన్నాడు ఆయన నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని.

పైకి చేరేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. డ్రైవరు రెక్క పట్టుకుని దింపితే, కాసేపు నేల వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తాడు.

ఎత్తిన తల దించలేదు. కొండ ఈ కొస నుంచి ఆ కొస దాకా మండుతోంది. పసుపూ, నారింజా, ఎరుపూ, మధ్యమధ్య ఇంకా పట్టు వదలని ఆకుపచ్చా. వాటి మధ్య నుంచి రోడ్డు దిగుతూ, ఎక్కుతూ, ఒక వంపులో మాయమై ఇంకో వంపులో తేలుతోంది. గాలి వీచినప్పుడల్లా ఆకులు గుంపులు గుంపులుగా లేచి రోడ్డు దాటి అవతలికి పోతున్నాయి. స్టూడియోలో ఇన్నేళ్ళూ వెనకాల వేలాడిన తెర ఆ కొండ ముందు ఉతికి ఆరేసిన పాత దుప్పటి. ఆయన నోట వచ్చిన మొదటి మాట, కొండ వంక చూస్తూ, "కదలకండి."

డ్రైవరు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

కానీ కొండ మాట వింటేనా? మబ్బు నీడ ఇటు నుంచి అటు పాకుతుంది. అది పోయిందనుకుంటే గాలి లేస్తుంది. గాలి తగ్గిందనుకుంటే ఇంకో మబ్బు. ఆయన భార్యని దూరంగా ఒక మలుపు దగ్గర, అంచు రాళ్ళ పక్కన నిలబడమన్నాడు.

"అంత దూరమా?" అంది ఆవిడ.

"కొండ ఎంత పెద్దదో తెలియాలంటే మనిషి చిన్నగా కనపడాలి. నేను చెయ్యి ఊపే దాకా కదలకు."

ఆవిడ వెళ్ళి నిలబడింది. కెమెరాకి ఒక లెన్సు తీసి ఇంకోటి పెడుతూ, గాలిలో దుమ్మంతా లోపలికి పోనిస్తూ ఆయన మబ్బుల కోసం కాచుకున్నాడు. గాలి ఆవిడ జుట్టు పీకింది, ముక్కు ఎర్రబడింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదలకండి గారి భార్య కదా, కదల్లేదు. డ్రైవరుకి జాలేసింది. "సార్, అమ్మగారు చలికి బిగుసుకుపోయేట్టున్నారు," అన్నాడు. "బిగుసుకుంటే మంచిదే, ఫొటో అదరదు," అన్నాడు ఆయన, కంటికి కెమెరా ఆనించుకునే.

చివరికి వెలుతురు దారికొచ్చింది. ఫొటో పడింది. దిగేటప్పుడు మలుపులన్నీ మళ్ళీ ఉన్నాయి.

ఇంటికొచ్చి, కాస్త తేరుకుని, ఆ సాయంత్రమే ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫొటో తెరిచాడు. ఎంత బాగుందంటే, తనే తీశాడంటే తనకే నమ్మకం కలగలేదు. కాకపోతే నలుసులు. పైన గాలిలో కెమెరా తెరిచిన పాపానికి ఫొటో నిండా దుమ్ము చుక్కలు. కూనిరాగం అందుకున్నాడు. ఆకాశంలో ఒక నలుసు, పోయింది. కొండ వాలులో ఒకటి, పోయింది. రోడ్డు మీద గుంటలున్నాయి. మొటిమల మచ్చలు పూడ్చిన చెయ్యి కదా, అలవాటుగా అవీ పూడ్చేశాడు. వంటింట్లోంచి ఆవిడ కేకేసింది.

"ఏమండీ, నేను బాగా పడ్డానా?"

"బ్రహ్మాండంగా పడ్డావు!" అన్నాడు ఆయన, తెర మీంచి కన్ను తిప్పకుండా. ఆ దూరపు మలుపు దగ్గర, అంచు రాళ్ళ పక్కన, బూడిద రంగులో ఇంకో నలుసు ఉంది. ఒక్క నొక్కు నొక్కాడు. అదీ పోయింది.

ఆ ఫొటో చూసి మేనేజరు ఎగిరి గంతేశాడు. "మన రోడ్డు ఇంత నున్నగా ఉంటుందా!" అని రెండుసార్లు అడిగి, ఆ రోజే అచ్చుకి పంపించాడు. కొద్ది రోజుల్లో క్యాలెండర్లు కట్టలు కట్టలుగా వచ్చాయి. మొదటి కట్టలోంచి ఒకటి తీసి మేనేజరే స్వయంగా తెచ్చిచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, దాన్ని బల్ల మీద పరిచి, అంచులకి నాలుగు గ్లాసులు బరువు పెట్టి, వంగి వెతకడం మొదలుపెట్టింది.

"ఎక్కడున్నానండీ?"

కదలకండి గారు కూడా వంగాడు. మలుపు ఉంది. అంచు రాళ్ళు ఉన్నాయి. ఆ రాళ్ళ పక్కన ఎర్రాకులు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ఆయనకి వెలిగింది. ఆ బూడిద రంగు నలుసు, ఆ ఒక్క నొక్కు, అంతా కళ్ళ ముందు ఆడింది. చెప్పేయాలనే అనుకున్నాడు పాపం. కానీ పక్కన ఆవిడ మొహం చూశాడు. పరీక్ష ఫలితాల్లో నంబరు వెతుక్కునే పిల్లలా ఉంది. ఆయన వేలు దానంతట అదే వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక దాని మీద వాలింది.

"ఇదిగో. ఇదే నువ్వు."

అది మైలురాయి.

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "కాస్త లావుగా పడ్డాను."

"కోటు. గాలికి ఉబ్బింది."

"ఇంత తెల్లగా ఉన్నానేమిటండీ?"

"ఎండ నేరుగా పడింది."

మైలురాయికి కింద తెలుపు, పైన నలుపు రంగు వేసి ఉంది. ఆవిడ ఆ నలుపు మీద వేలితో మెల్లిగా రాసి, సిగ్గుపడింది. "ఈ వయసులో నా జుట్టు ఇంత నల్లగా ఉందా?"

"టచింగ్," అన్నాడు ఆయన.

ఇక ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. క్యాలెండరు చంకన పెట్టుకుని వీధంతా చూపించింది. చూసినవాళ్ళందరూ, అవునమ్మా, అచ్చం నువ్వే, నిలబడ్డ తీరు చూస్తేనే తెలిసిపోతోంది అన్నారు. కిరాణా కొట్టాయన మరీ ముందుకెళ్ళి, నవ్వు చక్కగా పడిందన్నాడు. కదలకండి గారు బజార్లోకి వెళ్తే ఏ కొట్లో చూసినా ఆ మైలురాయే గోడ మీంచి చూస్తోంది. "అమ్మగారిని భలే తీశారండీ!" అంటున్నారు. ఆయన తల దించుకుని అడ్డదారిన ఇంటికొచ్చేసేవాడు.

ఒక మధ్యాహ్నం అక్కయ్య దిగింది. టీ కూడా ముట్టుకోలేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి, "ఏదీ, ఎక్కడున్నావో చూపించు," అంది. చెల్లెలు ఎంతో నెమ్మదిగా, ఎంతో గొప్పగా చూపించింది. అక్కయ్య చేతిసంచీలోంచి మొగుడి భూతద్దం తీసి ఆ చోట ఆనించింది.

"ఏమే," అంది అక్కయ్య, "నీ పొట్ట మీద ఎనిమిది అని రాసి ఉందేమే?"

"ఏంటి?"

"ఎనిమిది. అంకె. నువ్వేమన్నా బస్సువా, నెంబరు వేశారు?"

ఆవిడ భూతద్దం అందుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తిరిగి భర్త వంక చూసింది. కదలకండి గారు స్టూడియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పారిపోవడానికి ఉన్నది ఆ ఇరుకు మెట్లే.

"నేను ఏమయ్యాను?" అని అడిగింది ఆవిడ.

"దుమ్మనుకున్నాను," అన్నాడు ఆయన. "తుడిచేశాను."

ఇంత కబురు దొరికినందుకు సంతోషించాల్సిన అక్కయ్య కూడా చెల్లెలి మొహం చూసి వెనక్కి తగ్గింది. భూతద్దం సంచీలో వేసుకుని, "వస్తానే," అని మెల్లిగా వెళ్ళిపోయింది.

ఆవిడ అరిచి గోల చేసి ఉంటే ఆయనకి ఎంతో హాయిగా ఉండేది. ఆవిడ అరవలేదు. మర్నాడు పొద్దున్న కంచం పెట్టి, "దుమ్ము వంట చేసింది, తినండి," అంది. సాయంత్రం ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంటే, "దుమ్ము అటు వెళ్ళాలి, కాస్త జరుగుతారా?" అంది. వెలుతురు అట్ట ముట్టుకోవడం మానేసింది. ఆయన దాన్ని కుర్చీకి కట్టాడు. అది ఒక పెద్దమనిషి నెత్తిన పడింది. ఊళ్ళో సగం మందికి ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా ఫొటోలు పడ్డాయి.

"పొరపాటైపోయిందని చెప్పాను కదే!" అన్నాడు ఆయన ఒకరోజు, ఉండబట్టలేక.

ఆవిడ చేతిలో పని ఆపింది. "రాయిని చూపించి నేనని అబద్ధం చెప్పారు. అది పోనివ్వండి, భయపడి చెప్పారు. కానీ తుడిచేటప్పుడు? ఊళ్ళో ఎవడి చెంప మీద ఏముందో దగ్గరికి లాగి లాగి చూస్తారే, ఆ చుక్కని ఒక్కసారి దగ్గరికి లాగి చూశారా, ఇది మనిషేమో అని? అంతసేపు చలిలో నిలబడ్డానే."

ఆ రోజు ఆయన స్టూడియోలో ఒక్కడే కూర్చుని, గోడ మీద వేలాడే పరాయి మొహాలన్నీ చూశాడు. ఒక్కొక్కరి మొహంలో తను ఏమేం తీసేశాడో, ఎక్కడెక్కడ ఏముండేదో అన్నీ గుర్తున్నాయి. తన భార్య ఎడమ చెంప ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. చాలా సిగ్గేసింది. దుఃఖం కూడా వచ్చింది.

లేచి రవాణా ఆఫీసుకి వెళ్ళాడు. మళ్ళీ వ్యాను కావాలన్నాడు. అక్కడే ఉన్న డ్రైవరు ఆశ్చర్యపోయాడు.

"ఇంకా ఏముంది సార్ పైన? ఆకులన్నీ రాలిపోయాయి. నాలుగు రోజుల్లో మంచు పడితే దారి మూసేస్తారు. ఏం తీస్తారు?"

"మా ఆవిణ్ణి," అన్నాడు కదలకండి గారు.

ఆవిడ మొదట రానంది. "అక్కడ ఇంకో రాయి ఉంటుంది, దాన్ని తీసుకురండి," అంది. ఆయన బతిమాల్లేదు. కెమెరా భుజాన వేసుకుని, సంచీ లేకుండా, నిమ్మకాయ లేకుండా ఒక్కడే వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన మొహం చూసింది ఆవిడ. వ్యాను కదలకముందే ఆ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఇంట్లోకి వెళ్ళి, ఎర్ర కోటు తొడుక్కుని, సంచీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆయన కోటు వంక చూశాడు గానీ కిక్కురుమనలేదు.

ఈసారి ఒక్క మలుపు కూడా ఆయన్ని కనికరించలేదు. ఆవిడ వీపు నిమిరింది గానీ మాట్లాడలేదు. పైకి వెళ్ళేసరికి కొండ బోసిపోయి ఉంది. చెట్లన్నీ ఉత్త పుల్లలు. రోడ్డంతా తడిసి నల్లబడ్డ ఆకులు. గుంటలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆవిడ ఎవరూ చెప్పకుండానే ఆ పాత మలుపు దాకా నడిచి వెళ్ళి, అంచు రాళ్ళ పక్కన నిలబడింది.

ఆయన కెమెరాలోంచి చూశాడు. ఎర్రగానే ఉంది గానీ, చీమంతే ఉంది.

"కొంచెం ముందుకి రా!" అని కేకేశాడు.

వచ్చింది. చూశాడు. మొహం తెలియడం లేదు.

"ఇంకొంచెం!"

మళ్ళీ వచ్చింది. కళ్ళు తెలియడం లేదు.

"ఇంకా రా!"

"ఇంకానా? అప్పుడేమో దూరం దూరం అన్నారు!"

"రావే, ఇంకా రా!"

డ్రైవరు వ్యాను దిగి వచ్చి, రెండు చేతులూ కట్టుకుని ఈ వింత చూస్తున్నాడు. ఆవిడ రెండడుగులు వేయడం, ఆయన తల ఊపడం, ఆవిడ గొణుక్కుంటూ మళ్ళీ రావడం. చివరికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. కెమెరాలో ఇక ఆవిడ తప్ప ఏమీ లేదు. ఎడమ చెంప మీద, చెవికి దగ్గరగా, చిన్న గాటు ఉంది. ఎప్పటిదో. చలికి ముక్కు ఎర్రబడింది. కంటి చివర ముడతలు మూడు నాలుగు పాయలుగా విడిపోయి ఉన్నాయి. కోపానికి కనుబొమ ఒకటి పైకి లేచింది. ఇందులో తీసేయాల్సింది ఏమిటో ఆయనకి ఎంత వెతికినా కనిపించలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి కెమెరా మసకబారింది. చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

"ఇంకెంత దగ్గరికి రమ్మంటారండీ, మీ నెత్తికెక్కి కూర్చోనా?" అంది ఆవిడ.

ఆ మాట మధ్యలోనే ఆయన నొక్కేశాడు.

మర్నాడు ఫొటో అచ్చు తీసి, ఇంకా తడి ఆరనిదాన్నేదో పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆవిడకిచ్చాడు. పెద్ద సైజు. చెంప మీది గాటు ఉంది, ముడతలున్నాయి, ఎర్ర ముక్కు ఉంది. తిడుతున్న నోరు సగం తెరిచి ఉంది. ఆవిడ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మొహం చిన్నబోయింది.

"ఇందులో కొండ ఏదండీ?"

ఆయన కూడా ఫొటోలోకి తొంగి చూశాడు.

"అంత దూరం వెళ్ళి, అన్ని మలుపులు తిరిగి, మీ పేగులన్నీ బయటికొచ్చే దాకా కక్కుకుని తీసింది ఇదా? రోడ్డు లేదు, చెట్టు లేదు, ఆకాశం కూడా లేదు. వంటింట్లో తీసినా ఇలాగే ఉండేది కదా. నేను కనుమ ఎక్కానంటే అక్కయ్య నమ్ముతుందా?"

"కొండ అక్కడే ఉంది," అన్నాడు ఆయన. "నీ వెనకాల. నువ్వు అడ్డమొచ్చావు."

ఆవిడ ఆయన వంక చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసింది. చేయడం లేదు.

"అంత కొండకీ నేనొక్కదాన్నే అడ్డమయ్యానా?"

"అయ్యావు మరి."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కుర్చీలో కూలబడి, కొంగున దాచుకునేదేదో దొరికినట్టు ఆ ఫొటోని ఒళ్ళోకి తీసుకుంది. అక్కయ్యకి ఫోను చేయాలని పొద్దున్నుంచీ అనుకుంటున్న మనిషి, ఆ సంగతే మర్చిపోయి, పొయ్యి మీద టీ పొంగిపోతున్నా లేవకుండా, తన మొహాన్ని తను చాలాసేపు చూసుకుంటూ కూర్చుంది. టీ ఆయనే వెళ్ళి దించాడు.